అన్న బిళ్ల మీద దిగినవాడు

బల్లార్‌పూర్ బజారులో దర్జీ రాయమల్లును ఎరగనివాళ్లు లేరని చెబితే అబద్ధమవుతుంది. రెడీమేడ్ చొక్కాలు తొడుక్కునే ఈ కాలం పిల్లలకు దర్జీతో పనేముంది? కానీ గని డ్యూటీకి పోయేవాళ్లను అడిగి చూడండి. ఖాకీ ప్యాంటు కుట్టించుకోవాలంటే రాయమల్లు దగ్గరే కుట్టించుకోవాలంటారు. ఎందుకంటే ఆయన ప్రతి జేబుకూ అడగకుండానే రెండోసారి కుట్టు వేస్తాడు. "జేబుల ఏం పెట్టుకుంటడో మనకెరుకలేదు. పెట్టింది పడిపోవద్దు" అంటాడు. ఆయన రోజు మొత్తంలో మాట్లాడే పొడుగాటి మాట అదొక్కటే.

మిగతా మాటలన్నీ ఆయన భార్య నర్సక్క మాట్లాడుతుంది. మిషను పక్కనే చిన్న పీట వేసుకుని గుండీలు కుడుతూ, కాజాలు తీస్తూ, వచ్చినవాడి పెళ్లాం పిల్లల సంగతి దగ్గర్నుంచి వాళ్ల బర్రె ఈనిందా లేదా అనేదాకా కనుక్కుంటుంది. పెళ్లైనప్పటి నుంచి వాళ్లిద్దరూ అలా చేతికి చెయ్యి తగిలేంత దూరంలోనే కూర్చున్నారు. పిల్లలు పుట్టలేదు. రాయమల్లు అన్న సదానందం భార్య ముందుగానే పోతే, వాళ్ల కొడుకు శ్రావణ్‌కుమార్‌ను నర్సక్కే పెంచింది. ఇప్పుడు శ్రావణ్ సాస్తి ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపర్ నడుపుతాడు. వాడికి పెళ్లయి ఇద్దరు ఆడపిల్లలు. పొద్దున డ్యూటీకి పోయేముందు దుకాణం ముందు బండి ఆపి, "కాకా, పైలం" అని జాగ్రత్త చెబుతూ ఒక కేక వేసిగానీ పోడు.

రాయమల్లు కడుపు మీద రొమ్ము కింది నుంచి బొడ్డు కిందిదాకా ఒక పాత కోత గుర్తు ఉంది. అడిగినవాళ్లకు ఆయన చెప్పేది ఒకటే. చిన్నతనంలో మలేరియా వచ్చిందట, తిల్లి ఉబ్బిపోయిందట, కోసి తీసేశారట. తిల్లి అంటే కడుపులో ఎడమ పక్కన, పక్కటెముకల కింద ఉండే ప్లీహం. ఈ అడవి పక్క ఊళ్లలో మలేరియాతో తిల్లి ఉబ్బినవాళ్లు లేని ఇల్లు ఉండేది కాదు ఒకప్పుడు. అందుకని ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు.

నర్సక్కకు మాత్రం అసలు సంగతి పెళ్లైన వారంలోనే తెలిసింది. కొత్త పెళ్లికూతురు, ఆ గుర్తు చూసి జడుసుకుంది. అబద్ధం చెప్పి కొత్త కాపురం మొదలుపెట్టడం ఇష్టంలేక ఆయన చెప్పేశాడు. చెప్పి, "నాలుక కింద పెట్టుకో" అన్నాడు. అన్నిటికీ నోరు జారే నర్సక్క ఆ ఒక్కదాన్ని నాలుక కిందే పెట్టుకుంది.

సంగతేమిటంటే, తెలంగాణ పల్లెల నుంచి బొగ్గుబాయి పనికి వచ్చినవాళ్లకు ఆ రోజుల్లో ఒక అలవాటు ఉండేది. గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఒకటి ఉంటుంది. ల్యాంపు రూములో ఆ బిళ్ల ఇస్తే తలకు కట్టుకునే దీపం ఇస్తారు, హాజరు పడుతుంది. మనిషికి జ్వరం వచ్చినా, ఊళ్లో చావు కబురు వచ్చినా, హాజరు పోకుండా తమ్ముడో బామ్మర్దో ఆ బిళ్ల పట్టుకుని దిగేవాడు. మసి పూసుకున్న మొహాలు అన్నీ ఒకటే. లేబర్ లైన్లలో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. ఇవాళ నీకోసం వాడు దిగితే రేపు వాడికోసం నువ్వు.

అలాగే ఒకనాడు సదానందం జ్వరంతో పడుకుంటే, అప్పటికింకా పని దొరకక అన్న ఇంట్లో తింటున్న రాయమల్లు అన్న బిళ్ల మీద దిగాడు. మధ్యాహ్నంలోపే పైకప్పు నుంచి బొగ్గు పెళ్ల ఊడి ఎడమ డొక్క మీద పడింది. తిల్లి పగిలి కడుపంతా రక్తం. ఆస్పత్రిలో ఆపరేషను చేసి పగిలిన తిల్లిని తీసేసి బతికించారు. కానీ ఆ మంచం మీద పడుకున్నవాడి పేరు, ఆస్పత్రివాళ్లకు తెలిసినంతవరకు, సదానందం.

ఇక చూడండి వాళ్ల తిప్పలు. జ్వరం తగ్గి నిక్షేపంలా ఉన్న అన్న ఇంటి లోపలి అర్రలో దాక్కున్నాడు. తమ్ముడు ఇంటికి చేరాక అన్న కడుపుకు గుడ్డ చుట్టుకుని, ఎడమ పక్కకు ఒరిగి, మూలుగుతూ బయటికి వచ్చాడు. గనివాళ్లు కనికరించి అతనికి లోపలి పని మాన్పించి పైన ల్యాంపు రూములో పని ఇచ్చారు. తమ్ముడికేమో ఒక మలేరియా కథ కట్టారు. సదానందం ఎడమ పక్కకు ఒరిగి నడిచీ నడిచీ చివరికి ఆ వంకర నిజంగానే పట్టుకుంది. గుడ్డ తీసేసిన తరువాత కూడా, ఎవరూ చూడని ఇంట్లో కూడా, అలాగే ఒరిగి నడిచేవాడు. అన్న నడక చూసినప్పుడల్లా రాయమల్లు నవ్వీ నవ్వకుండా చూపు తిప్పుకునేవాడు. బరువులెత్తలేని తమ్ముడికి మిషను కొనిచ్చి దర్జీ పని నేర్పించింది ఆ అన్నే. తరువాత కొన్నేళ్లకు సదానందం ఉద్యోగంలో ఉండగానే గుండెజబ్బు చేసి పోయాడు. ఆ ఉద్యోగం కొడుకు శ్రావణ్‌కు వచ్చింది.

ఇదంతా ఎప్పుడో చల్లారిపోయిన సంగతి. ఈ ఎండాకాలం రాయమల్లు కాళ్లు మిషను తొక్కలేకపోయాయి.

ముందు కనిపెట్టింది నర్సక్కే. మిషను చప్పుడు మధ్యమధ్య ఆగిపోతోంది. తల తిప్పి చూస్తే ఆయన గుడ్డ మీద చెయ్యి పెట్టుకుని ఆయాసపడుతున్నాడు. మొహం తెల్లగా పాలిపోయింది. శ్రావణ్ సెలవు పెట్టి ఇద్దరినీ చంద్రపూర్ తీసుకుపోయాడు. ఒంట్లో రక్తం తగ్గిందన్నారు. ఎటు పోతోందని వెతికితే పెద్దపేగులో కుడి పక్కన గడ్డ కనిపించింది. ముక్క తీసి చూస్తే క్యాన్సర్.

అక్కడి సర్జన్ అక్షయ్ మరాఠీ కుర్రాడు, నిదానస్తుడు. మొదట్లో ధైర్యమే చెప్పాడు. గడ్డ ఉన్నంత పేగు కోసి తీసేస్తే చాలామంది బాగుపడతారన్నాడు. వేరేచోటికి పాకలేదని చూసుకోవడానికి కడుపు మొత్తం స్కాన్ చేయించాడు. ఆ స్కాన్‌తోనే వచ్చింది చిక్కు. కడుపు లోపల, ఎక్కువగా ఎడమ పక్కన, గోళీకాయలంత గడ్డలు చెదురుమదురుగా కనిపించాయి. పేగు మీది పొరకూ అతుక్కుని ఉన్నాయి.

"ఇవి క్యాన్సర్ పాకినవే అయితే ఇక కోయడంలో అర్థం లేదు. మందులతో కొంతకాలం నెట్టుకురావడమే" అన్నాడు అక్షయ్, మరాఠీలోనే. రాయమల్లు దంపతులకు మరాఠీ తెలుగంత సులువు. అర్థం కాలేదని అనుకుని ఊరట పొందే అవకాశం కూడా లేకపోయింది నర్సక్కకు.

ఈ మాటలప్పుడు శ్రావణ్ అక్కడ లేడు; డాక్టరు గదిలోకి పోయేముందే రాయమల్లు ఎప్పటిలాగే శ్రావణ్‌ను చాయ్ తెమ్మని పంపించాడు. వచ్చిన ప్రతిసారీ అంతే. మందులు తెమ్మనో, నీళ్లు తెమ్మనో పంపించేవాడు.

అక్షయ్ స్కాన్ ఫిల్ము వెలుతురుకు పెట్టి మళ్లీ చూశాడు. "ప్లీహం లేదు మీకు. ఎందుకు తీశారు?"

"మలేరియా, సాబ్. ఉబ్బింది."

"దెబ్బ ఏమైనా తగిలిందా? ఎక్కడైనా పడటం, ప్రమాదం జరగటం?"

"లేదు."

"బాగా గుర్తు చేసుకోండి. ఎందుకు అడుగుతున్నానంటే, ఉబ్బిన ప్లీహాన్ని డాక్టర్లు పదిలంగా మొత్తంగా తీస్తారు. అదే దెబ్బకు పగిలిందనుకోండి, దాని ముక్కలు కడుపులో చెదిరి, పడ్డచోటే నాటుకుని మళ్లీ పెరుగుతాయి ఒక్కోసారి. వాటివల్ల ఏ హానీ లేదు. కానీ స్కాన్‌లో క్యాన్సర్ పాకినట్టే కనిపిస్తాయి. సూదితో ముక్క తీద్దామన్నా ఇవి ఉన్నచోట్లు మంచివి కావు, రక్తం కారితే ఆపడం కష్టం. మీకు దెబ్బ తగిలి ఉంటే ఆ దారిలో వెతికేవాణ్ణి."

నర్సక్క చటుక్కున తిరిగి మొగుడి మొహంలోకి చూసింది. ఆయన తన చెప్పులవంక చూసుకుంటున్నాడు.

"లేదు సాబ్. మలేరియానే" అన్నాడు.

బయట వరండాలో బెంచీ మీద కూలబడ్డాక నర్సక్క మొగుడివైపు తిరిగింది.

"డాక్టర్ ఏమన్నడో విన్నవా?" అంది.

"విన్న."

"మరి?"

"మరి లేదు, గిరి లేదు. పోదాం పా."

"ఆయన నీ పాణం గురించి అడిగిండయ్యా. ఊరి ముచ్చట అడగలే."

రాయమల్లు గొంతు తగ్గించాడు. "చెప్తే రాసుకుంటడు. రాసుకుంటే గనోళ్లకు తెలుస్తది. దెబ్బ తాకింది సదానందంకు కాదు అంటే, ఆ ల్యాంపు రూము పని దొంగపని అయితది. దొంగపని అయితే దాని మీద పోరనికి వచ్చిన నౌకరి ఉంటదా? వానికి ఇద్దరు పిల్లలు. నా వయసు అయిపోయింది. పో, ఇగ అడగకు."

ఏ వకీలునూ అడిగి తెలుసుకున్న సంగతి కాదు అది. తనలో తాను ఏళ్ల తరబడి కట్టుకున్న భయం. పనికి పోయేవాడి జేబుకు రెండు కుట్లు వేసినట్టే ఆ భయానికీ కుట్టు మీద కుట్టు వేసుకుంటూ వచ్చాడు. నర్సక్కకు ఆయన మీద ఎంత ప్రేమ ఉందో ఆ క్షణాన అంత కోపమూ వచ్చింది. ఈ మనిషి తాను చచ్చిపోవడానికి కూడా ఎవరికీ ఇబ్బంది కలగకుండా చూసుకుంటున్నాడు. మరి తన సంగతి? పొద్దున లేచి ఆ మిషను పక్కన పీట వేసుకుని ఎవరి పక్కన కూర్చోవాలి? ఆ మాట ఈ మహానుభావుడికి తట్టనే లేదు.

శ్రావణ్ మూడు చాయ్ గ్లాసులు పట్టుకుని వస్తున్నాడు.

"శ్రావణ్, ఇటు రా బిడ్డా. నీకొక మాట చెప్పాలె" అంది.

రాయమల్లు ఆమె కొంగు పట్టుకున్నాడు. ఆమె విడిపించుకుంది. బిళ్ల సంగతి, బొగ్గు పెళ్ల సంగతి, కడుపుకు గుడ్డ చుట్టుకున్న సంగతి, అన్నీ నాలుక కింద నుంచి ఒక్కసారిగా బయటపెట్టింది. ఇప్పుడు డాక్టరు అడిగిందీ, ఈయన చెప్పనిదీ కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ రాయమల్లు గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

శ్రావణ్ గ్లాసులు బెంచీ మీద పెట్టాడు.

"దెబ్బ ముచ్చట నాకెరుకనే, చిన్నవ్వా."

గోడవైపు తిరిగినాయన ఇటు తిరిగాడు.

"బాపు పొయ్యేముందు చెప్పిండు. ఏడ్చుకుంట చెప్పిండు. 'మీ కాక కడుపు మీది కుట్లు నావి బిడ్డా, నేను మోసేటియి వాడు మోస్తుండు' అన్నడు. 'వాడు చెప్తే విను, చెప్పకుంటే నువ్వు అడగకు, వాని మనసు చిన్నబుచ్చకు' అన్నడు. అందుకే నేను ఎన్నడూ అడగలే. డాక్టర్‌కు మీరు చెప్పే ఉంటరనుకున్న. నన్నేమో లోపలికి పోయినప్పుడల్లా చాయ్‌కి పంపిస్తుంటివి కాకా."

రాయమల్లు శ్రావణ్ చెయ్యి పట్టుకున్నాడు. "నీ నౌకరి…"

"పోదు. బాపు నౌకరిల ఉండంగ చచ్చిపోయిండని ఇచ్చిండ్రు నాకు. నీ తిల్లికీ దానికీ సంబంధం లేదు. ఒకవేళ పోయిందే అనుకో. డంపర్ తోలెటోనికి ఘుగ్గుస్‌ల లారీలు దొరకయా? నువ్వు పోతే మాత్రం నాకు ఇంకో కాక దొరకడు." అంటూ ఆయన రెక్క పట్టుకుని లేపాడు. చాయ్ అలాగే చల్లారిపోయింది.

ముగ్గురూ ఒకేసారి లోపలికి వచ్చేసరికి అక్షయ్ తలెత్తి చూశాడు. ఈసారి రాయమల్లే చెప్పాడు, మెల్లగా, ఒక్కొక్క మాట. అంతా విని ఆ కుర్ర డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"దెబ్బ ఎవరి పేరు మీద తగిలిందో నాకు అక్కర్లేదు బాబా. ఎవరి ఒంటికి తగిలిందో చాలు. దెబ్బకు ప్లీహం పగిలింది, అంతవరకే రాస్తాను" అన్నాడు. మళ్లీ వెంటనే, "ఇప్పుడే సంతోషపడకండి. కావచ్చు, కాకపోవచ్చు. ఒక పరీక్ష ఉంది, నాగపూర్‌లో చేస్తారు. అది తేలుస్తుంది" అన్నాడు.

నాగపూర్ ఆస్పత్రిలో ఆ పరీక్ష చేసే డాక్టరు పేరు స్నేహలత. రాజూరా పక్క ఊరి తెలుగు రైతుల అమ్మాయి. మరాఠీ కలిసిన మన తెలుగు ఆమె నోట వినగానే నర్సక్కకు సగం భయం తగ్గింది. మిగిలిన సగం తీరేదాకా ప్రశ్నలు వేసింది.

"చూడు అత్తా, తిల్లి పనే ముసలి రక్తకణాలను పట్టుకునుడు" అంది స్నేహలత. "అరిగిపోయినయి, దెబ్బతిన్నయి దాని దగ్గరికి వస్తే పోనియ్యదు. అందుకని మామ రక్తం జర తీసుకుంటం. బయట పెట్టి వేడి చేస్తం, మరీ ఉడకనియ్యం. గా వేడికి కణాలు జర దెబ్బతింటయి. వాటికి కెమెరాకు కనబడేటట్టు కొంచెం అణుమందు గుర్తు పెట్టి మళ్లీ ఒంట్లకు ఎక్కిస్తం. ఇగ కడుపుల ఎక్కడ తిల్లి ముక్క ఉంటే అక్కడ గా కణాలను పట్టుకుంటది, అక్కడ వెలుగు కనబడ్తది. క్యాన్సర్‌కు గా పని రాదు. అది పట్టుకోదు."

రాయమల్లు తలూపాడు. "చినిగిన బట్టను ఏరి పక్కకు పెట్టుడు అన్నట్టు."

"బరోబర్" అంది స్నేహలత.

రక్తం తీశారు, వేడి చేసి గుర్తు పెట్టి తిరిగి ఎక్కించారు. తరువాత కొంతసేపు ఆయనకు మరీ దగ్గరగా కూర్చోవద్దన్నారు. రాయమల్లు గదికి ఆ చివర కుర్చీలో, నర్సక్క ఈ చివర కుర్చీలో. ఒకే గదిలో అంత ఎడంగా వాళ్లు ఎన్నడూ కూర్చోలేదు. చేతులకు పని లేక ఆమె కొంగు చివర్ని మడిచి విప్పి, మడిచి విప్పి కూర్చుంది. ఒకసారి తలెత్తితే ఆయన ఇటే చూస్తున్నాడు. గాలిలో సూది పట్టుకున్నట్టు వేళ్లు పెట్టి, గుండీ కుడుతున్నట్టు చేసి చూపించాడు. ఇంత భయంలోనూ ఆమెకు నవ్వొచ్చింది. ఆయనను పోనివ్వకు తండ్రీ అని లోపల్లోపల మొక్కుకుంది. ఏ దేవుడికి మొక్కిందో ఆమెకే తెలియదు.

కెమెరా కింద పడుకోబెట్టి ఫొటోలు తీయడం అయిపోయాక స్నేహలత ముగ్గురినీ లోపలికి పిలిచింది. చీకటిగా ఉన్న తెర మీద ఎడమ పక్కంతా వెలుగు చుక్కలు. చల్లిన జొన్నగింజల్లా పడి ఉన్నాయి. పక్కన పాత స్కాన్ పెట్టి ఒక్కొక్కటే వేలితో చూపించింది. అక్కడ గడ్డ, ఇక్కడ వెలుగు. అక్కడ ఇంకో గడ్డ, ఇక్కడ ఇంకో వెలుగు. ఒక్కటి కూడా తప్పలేదు.

"ఇవన్నీ తిల్లే, మామా. క్యాన్సర్ పాకలే. పేగుల ఉన్న గడ్డ ఒక్కటి చూడు, చీకటిగ ఉన్నది. అదొక్కటి తీసేస్తే అయిపాయె."

నర్సక్క ఆ గదిలోనే, తెర ముందే, అడ్డూ ఆపూ లేకుండా ఏడ్చింది. శ్రావణ్ మొహం తుడుచుకుంటూ తలుపు వైపు తిరిగాడు. రాయమల్లు మాత్రం తెరకు ఇంకొంచెం దగ్గరగా జరిగి, కుట్టు సరిచూసేవాడిలా ఒక్కో చుక్కనూ చూస్తూ నిలబడ్డాడు.

"గివి కూడా తీసేస్తరా?" అన్నాడు.

"ఎందుకు తీసుడు? మంచిగ పని చేస్తున్నయి. ఉండనీ."

చంద్రపూర్‌లో అక్షయ్ ఆపరేషను చేశాడు. గడ్డ ఉన్నంత పేగు తీసి, రెండు కొసలూ కలిపి కుట్టాడు. ఆ గడ్డలను తన కళ్లతో చూశాననీ, ముదురు ఎరుపుగా నిగనిగలాడుతున్నాయనీ, ఒక్కటీ ముట్టలేదనీ బయటికి వచ్చి చెప్పాడు. తీసిన పేగును పరీక్షించినవాళ్లు కూడా క్యాన్సర్ దాన్ని దాటి పోలేదన్నారు. ఇక అప్పుడప్పుడూ వచ్చి చూపించుకుంటూ ఉంటే చాలట.

రాయమల్లు మంచం మీద లేచి కూర్చోగలిగిన సాయంత్రం డ్యూటీ నుంచి నేరుగా శ్రావణ్ వచ్చాడు. ఒంటినిండా బొగ్గుదుమ్ము. నర్సక్క గంజిలో ఉప్పు కలుపుతోంది. రాయమల్లు చొక్కా గుండీలు విప్పి కట్టు అంచున కొత్త కుట్లు చూసుకుని, పెదవి విరిచాడు.

"పాతది మంచి కుట్టు. ఇది జర వంకర వోయింది."

"వోతే వోయింది. జేబు పెట్టమన్నమా దానికి?" అంది నర్సక్క.

ఆయన చొక్కా గుండీలు మళ్లీ పెట్టుకున్నాడు. తరువాత, "శ్రావణ్" అన్నాడు. "మీ బాపుకోసం నా తిల్లి ఇచ్చిన అనుకున్న ఇన్నేండ్లు. ఎవ్వరికి చెప్పలే గని, లోపల జర గర్వం ఉండె నాకు. తెర మీద చూసినంక తెలిసింది. ఇయ్యనే లేదురా. అంత నా దగ్గర్నే దాచుకున్న."

శ్రావణ్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఆయన పాదాల దగ్గర కూర్చుని దుప్పటి సర్దాడు. "గీ మాట బాపు ఇనాలె ఉండె కాకా" అన్నాడు.

నర్సక్క గంజి గ్లాసు తెచ్చి మొగుడి చేతికిచ్చింది.

"ఇనుంటే ఏమైతుండె? నడుము సక్కగ చేసుకొని నడుస్తుండె" అంది.

రాయమల్లుకు నవ్వు ఆగలేదు. కుట్లు లాగుతుంటే ఒక చేత్తో కడుపు పట్టుకుని, ఇంకో చేతిలో గంజి ఒలకకుండా చూసుకుంటూ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే అన్న కోసం ఏడ్చాడు. నర్సక్క గ్లాసు తీసుకుని పక్కన పెట్టి, మంచం అంచున, చేతికి చెయ్యి తగిలేంత దగ్గరగా కూర్చుంది.